దసరాకి దాచుకుంటే... సంక్రాంతికి పచ్చన!

వినాయకచవితి పూజలో పెట్టే గరిక, గోల్ఫ్ మైదానంలో తివాచీలా మెరిసే గడ్డి... రెండూ ఒకే ఇంటి బిడ్డలు. చలికాలంలో ఆ పచ్చదనాన్ని కాపాడుకునే పని డిసెంబరులో మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. వానలు వెనుదిరిగిన రోజునే మొదలుపెట్టాలి. గోల్కొండలోని గోల్ఫ్ గ్రీన్‌కైనా, సైదాబాద్‌లోని పెరటి పచ్చికకైనా సూత్రం ఒక్కటే.

సైదాబాద్, సంతోష్‌నగర్, చంపాపేట, దిల్‌సుఖ్‌నగర్... ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఇంటిముందు కాస్త పచ్చిక పెంచుకునేవాళ్లకి ఏటా ఓ చిక్కు వస్తుంది. శ్రావణ మాసంలో మోకాలెత్తు పెరుగుతానని మారాం చేసిన గడ్డి, బతుకమ్మ ఆడేనాటికి కూడా కళకళలాడుతుంది. కార్తీక దీపాలు పెట్టేనాటికి కాస్త డీలా పడుతుంది. ముగ్గుల పండగ వచ్చేసరికి అక్కడక్కడా బట్టతల!

ఇంటాయన చలిని తిట్టుకుంటాడు. ఇంటావిడకి నీళ్లు చాల్లేదేమోనని అనుమానం. మాలి ఎరువు చల్లాలంటాడు. ముగ్గురి మాటా నెగ్గి, జనవరిలో గుప్పెడు యూరియా పడుతుంది. రెండుపూటలా పైపు పెడతారు. ఫిబ్రవరి చివర్లో గడ్డి మళ్లీ చిగురిస్తుంది. యూరియా పనిచేసిందని మాలి సంతోషిస్తాడు, నీళ్లు పనిచేశాయని ఇంటావిడ. నిజానికి పనిచేసింది ఎండ. మనం చేయాల్సిన పని మాత్రం నాలుగు నెలల కిందటే దాటిపోయింది.

ఈ సంగతి బాగా తెలిసినవాళ్లు గోల్ఫ్ మైదానాల్లో గ్రీన్లను చూసుకునేవాళ్లు. పెరట్లో గడ్డి పోతే పొరుగువాళ్లు ఓ మాట అంటారు, అంతే. గ్రీన్ మీద గడ్డి పోతే ఆటే ఆగిపోతుంది. అందుకే శరదృతువు వచ్చిందంటే వాళ్లకి కంటిమీద కునుకుండదు. వాళ్లు చేసే పనుల్లో మన పెరటికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

పూజ గరికే... గ్రీన్ మీద గడ్డి

గోల్ఫ్ మైదానమంతా ఒకేలా ఉండదు. బంతిని దూరంగా కొట్టే చోట గడ్డి కాస్త ఎత్తుగా ఉంటుంది. బంతి చివరికి పడాల్సిన గుంత చుట్టూ ఉండే చదునైన జాగానే గ్రీన్ అంటారు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి వెడల్పు సుమారు 43 మిల్లీమీటర్లు. నేల మీద దొర్లే ఆ చిన్నబంతి దారి తప్పకూడదంటే గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోయాలి. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో, ఇంచుమించు అంత! సీజన్లో ఇంచుమించు రోజూ కోస్తారు.

ఇంత కోతను ఏ గడ్డి తట్టుకుంటుంది? మన గరిక తట్టుకుంటుంది. ప్రపంచం బెర్ముడా గడ్డి అని పిలిచేది దాన్నే. శాస్త్రీయనామం సైనోడాన్ డాక్టిలాన్. వినాయకుడి ఏకవింశతి పత్రాల్లో దూర్వాయుగ్మం అని పూజించేదీ ఇదే. రైతుకి మాత్రం ఇది పెద్ద తలనొప్పి. పొలంలో ఒకసారి గరిక పట్టిందంటే ఎండాకాలంలో లోతుగా దున్ని, వేళ్లతో సహా ఏరి పారేస్తేగానీ వదలదు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. రైతుని ఏడిపించే ఆ మొండితనమే గోల్ఫ్ మైదానానికి వరమైంది.

ఆ వరాన్ని పట్టుకున్నవాళ్లలో ముఖ్యుడు గ్లెన్ బర్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే చిన్న ఊళ్లో ఆయన పరిశోధనలు చేశాడు. మామూలు గరికని, సన్నటి ఆకులుండే ఆఫ్రికా గరికతో కలిపి 1956లో టిఫ్‌గ్రీన్ అనే రకాన్ని ఇచ్చాడు. దాన్లోంచి వచ్చిన పొట్టి రకమే 1965లో విడుదలైన టిఫ్‌డ్వార్ఫ్. మన దేశంలో చాలా గోల్ఫ్ గ్రీన్ల మీద కనిపించేది దీని కుటుంబమే. ఈ సంకర రకాలకి విత్తనం రాదు. పిలకల్ని నాటి పెంచాల్సిందే. అంటే ఒక గ్రీన్ మీదున్న గడ్డంతా ఒకే మొక్క తాలూకు పిలకలన్నమాట.

బర్టన్‌కి మన సజ్జ రొట్టెతో కూడా చుట్టరికం ఉంది. ఆయన టిఫ్టన్‌లో తయారుచేసిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ రకమే 1965లో మన దేశంలో విడుదలైన తొలి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బి-1కి తల్లి. అదే ఏడాది, అదే మనిషి... అటు దొరల ఆటకి గడ్డి, ఇటు మెట్టరైతుకి గింజ!

ఒకప్పుడు మన దేశంలో చాలా మైదానాల్లో గ్రీన్లు ఉండేవి కావు. నీళ్లు, యంత్రాలు లేక ఇసుకలో నూనె కలిపి చదును చేసేవాళ్లు. వాటిని బ్రౌన్లు అనేవారు. మేలురకం గరికలు, నీటి వసతి వచ్చాక పరిస్థితి మారింది. గోల్కొండ కోటలోని నయా ఖిల్లా దగ్గర 18 గుంతల మైదానం తయారైంది. గోల్కొండ మాస్టర్స్ పేరుతో అక్కడ దేశవాళీ ప్రొఫెషనల్ పోటీలు కూడా జరిగాయి.

చంపేది చలి కాదు

గరిక ఎండని ఇష్టపడే మొక్క. 27 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటే చెలరేగిపోతుంది. రాత్రి చల్లబడేకొద్దీ దాని పెరుగుదల మందగిస్తుంది. నేల వేడి పది డిగ్రీల దగ్గరికి పడిపోతే ఆకు రంగు మారి, మొక్క నిద్రలోకి జారుకుంటుంది. నిద్ర వేరు, చావు వేరు. పైన గోధుమరంగు కనిపిస్తున్నా నేలలో పాకే కాండాలు బతికే ఉంటాయి.

మరి హైదరాబాద్ చలి ఏపాటిది? బేగంపేటలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అదీ 1946 జనవరి 8న. మామూలు చలికాలంలో నగరం నడిబొడ్డున రాత్రి వేడి పద్నాలుగు పదిహేను డిగ్రీల దగ్గర ఉంటుంది. ఊరి చివర హయత్‌నగర్, రాజేంద్రనగర్, పటాన్‌చెరుల్లో అంతకన్నా తగ్గుతుంది. ఇళ్లు కిక్కిరిసిన సైదాబాద్‌లో గోడలు, రోడ్లు పగటి వేడిని పట్టి ఉంచుకుంటాయి కాబట్టి అంత చలి ఉండదు.

ఇప్పుడు అమెరికాలోని డల్లాస్‌ని చూడండి. తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన ఊరది. అక్కడి ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేది మన గరిక జాతే. 2021 ఫిబ్రవరి 16న అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. కుళాయిలు పగిలిపోయాయి, కరెంటు పోయింది. వేసవి దగ్గరపడేసరికి చాలా ఇళ్ల ముందు గరిక మళ్లీ లేచి నిలబడింది.

మైనస్ 19లో బతికిన గరిక, సైదాబాద్‌లో 14 డిగ్రీలకు చచ్చిపోతుందా? పోదు. మన పెరట్లో దాన్ని చంపేది చలి కాదు. చలి రాకముందు మనం చేసిన పనులు, చేయని పనులు!

అదే డల్లాస్ ప్రాంతంలో గోల్ఫ్ గ్రీన్ల సంగతి వేరు. చలి మైనస్ 4 డిగ్రీలకు దిగుతుందనగానే గ్రీన్ల మీద దుప్పట్లు కప్పుతారు. గడ్డి ఒకే జాతి. కానీ ఇంటిముందు దానికి కాస్త ఎత్తు, ఆ ఎత్తుకు తగ్గ వేళ్లు ఉన్నాయి. గ్రీన్ మీద మూడు మిల్లీమీటర్లే ఉంది. రోజూ కోతే. దాచుకోవడానికి దానికి మిగిలేదెంత? చలికి తట్టుకునే శక్తి గడ్డి జాతిలోనే కాదు, అది దాచుకున్న దాంట్లోనూ ఉందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

శరత్తులో గడ్డి పొదుపు

గడ్డికి ఆకే వంటిల్లు. ఎండ తగిలితే ఆకులో పిండిపదార్థం తయారవుతుంది. వానాకాలంలో వండినదంతా కొత్త ఆకులు వేయడానికే సరిపోతుంది. అప్పుడు గడ్డి రోజుకూలీలా బతుకుతుంది. ఏ పూట సంపాదన ఆ పూటకే.

ఇంచుమించు అక్టోబరు మధ్యలో నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి వెళ్లిపోతాయి. మబ్బులు విడిపోతాయి. పగలు చక్కటి ఎండ, రాత్రి చల్లదనం. పగటి ఎండకి వంట బాగానే సాగుతుంది. రాత్రి చల్లగా ఉండటంతో ఖర్చు తగ్గుతుంది. కొత్త ఆకులు వేసే తొందర ఉండదు. మిగిలిందంతా నేల మీద, నేలలో పాకే కాండాల్లోకి, వేళ్లలోకి చేరుతుంది. చలికాలమంతా గడ్డి బతికేది దాని మీదే. వసంతంలో మొదటి చిగురు వేసేదీ దాని మీదే.

అంటే దసరా నుంచి కార్తీకపౌర్ణమి దాకా గడ్డికి పొదుపు చేసుకునే కాలం. సరిగ్గా అప్పుడే మనం ఏం చేస్తాం? పండక్కి ఇల్లు అందంగా కనపడాలని గడ్డిని నేలమట్టంగా కోయిస్తాం. వంటిల్లే కూల్చేశామన్నమాట! తర్వాత పచ్చగా లేదని యూరియా చల్లుతాం. యూరియాలోని నత్రజని అందగానే గడ్డి దాచుకున్నది తీసి కొత్త ఆకులు వేస్తుంది. ఆ ఆకులు లేతగా, నీరు నిండి ఉంటాయి. వాటిని మళ్లీ కోస్తాం. రెండు మూడు కోతలయ్యేసరికి పొదుపు ఖాళీ.

వానాకాలంలో దాచి, ఎండాకాలంలో వాడుకోవడమనే పాఠం సైదాబాద్‌కి కొత్త కాదు. మెట్ట వ్యవసాయం మీద పరిశోధనలు చేసే కేంద్ర సంస్థ క్రీడా ఉన్నది ఇక్కడి సంతోష్‌నగర్‌లోనే. 1985లో ఏర్పడిన ఆ సంస్థకి హయత్‌నగర్‌లో పరిశోధన క్షేత్రం ఉంది. వాళ్ల పని గోల్ఫ్ గడ్డి మీద కాదు, జొన్న, కంది, ఆముదం పండించే మెట్ట రైతుల కోసం. కానీ పొలంలో పడ్డ వాననీటిని మట్టిలోనే పట్టి ఉంచడం, కుంటలో నిలవ చేయడం... అక్కడా విషయం ఇదే. ఉన్నప్పుడు దాచుకున్నవాడిదే లేనప్పుడు బతుకు.

గ్రీన్ల మీద ఏం చేస్తారు?

గోల్ఫ్ మైదానాల్లో చలికాలం ఏర్పాట్లు సెప్టెంబరు చివరికే మొదలవుతాయి. ముందు నేలకి ఊపిరి పోస్తారు. వానాకాలమంతా తొక్కిడికి, యంత్రాల బరువుకి మట్టి బిగుసుకుపోయి ఉంటుంది. వేలు లావున్న గొట్టాలున్న యంత్రంతో గ్రీన్ నిండా గుంతలు పొడిచి, మట్టిని పైకి తీసేస్తారు. ఆ గుంతల్లో ఇసుక నింపుతారు. గాలి, నీరు లోపలికి వెళతాయి. వేళ్లు లోతుకి దిగుతాయి. ఈ పని గడ్డి ఇంకా చురుగ్గా పెరుగుతున్నప్పుడే అయిపోవాలి. నవంబరు చివర్లో పొడిస్తే ఆ గాయాలు ఉగాది దాకా మానవు.

రెండోది కోత ఎత్తు. మూడున్నర మిల్లీమీటర్లు ఉన్నదాన్ని నాలుగున్నర చేస్తారు. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ గడ్డి ఎత్తు పావువంతుకు పైగా పెరిగినట్టు. ఎండని పట్టుకునే ఆకూ ఆ మేరకు పెరుగుతుంది. దీంతో బంతి కాస్త నెమ్మదిగా దొర్లుతుంది, ఆడేవాళ్లు గొణుగుతారు. కోత తగ్గించి, రోలర్ తిప్పి బంతికి వేగం తెప్పిస్తారు.

మూడోది ఎరువు. నత్రజని తగ్గించి పొటాష్ ఇస్తారు. కణాల్లో నీటిని అదుపులో ఉంచి, మొక్క ఒత్తిడిని తట్టుకునేలా చేసేది పొటాషే. గ్రీన్ల కింద ఉండేది ఎక్కువగా ఇసుక. 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం ఖరారుచేసిన పద్ధతి ప్రకారం 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద కంకర. అలాంటి నేలలో పొటాష్ నీటితోపాటు జారిపోతుంది. అందుకే ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా ఇస్తారు.

నత్రజనిని పూర్తిగా ఆపేయడం కూడా తప్పే. ఆకలితో ఉన్న గడ్డి మీద రాత్రంతా మంచు నిలిస్తే బూజు జాతి తెగులు పడుతుంది. రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చలతో మొదలై, అవి కలిసిపోయి గ్రీన్ అంతా మాడినట్టు అవుతుంది. అందుకే రోజూ పొద్దున్నే పొడవాటి వెదురుకర్రతోనో, తాడుతోనో మంచుబొట్లని దులిపేస్తారు. పైసా ఖర్చులేని మందు అది! రంగు కోసమైతే యూరియా బదులు ఇనుము వాడతారు. మన రైతులు అన్నభేది అని పిలిచే ఫెర్రస్ సల్ఫేట్ పిచికారీ చేస్తే, ఆకు పెరగకుండానే పచ్చబడుతుంది.

మలక్‌పేటలో... అందం కాదు, ప్రాణం

గడ్డి పోతే ఆట పోతుంది, అంతేకదా అనుకుంటే సైదాబాద్ పక్కనే ఉన్న మలక్‌పేట రేసుకోర్సు దాకా వెళ్లాలి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో గుర్రప్పందేలు మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చాయి. మధ్యలో సికింద్రాబాద్‌కి తరలిపోయి, 1968లో తిరిగొచ్చాయి. వానాకాలంలో ఒక సీజన్, చలికాలంలో ఇంకో సీజన్ జరుగుతాయి.

అరటన్ను బరువుండే గుర్రం గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంటే, ఆ బరువంతా ఒక్కో క్షణం ఒక్కో డెక్క మీద పడుతుంది. డెక్క జారకుండా పట్టి ఉంచేది గడ్డి వేళ్ల అల్లిక. డెక్క దిగిన చోట పచ్చిక పెళ్ల లేచిపోతుంది. వానాకాలంలో అయితే వారంలో గరిక పాకి ఆ గాయాన్ని కప్పేస్తుంది. చలికాలంలో ఆ వేగం ఉండదు. అంటే శరత్తులో అల్లుకున్న వేళ్లతోనే చలికాలం సీజనంతా నడవాలి. అక్కడ పచ్చిక పల్చబడితే ప్రమాదం గుర్రానికి, దానిమీదున్న జాకీకి. గోల్ఫ్ గ్రీన్ మీద బంతి దారి తప్పితే ఒక దెబ్బ ఎక్కువవుతుంది. ఇక్కడ అడుగు తప్పితే కాలు విరుగుతుంది.

ఉప్పల్ క్రికెట్ స్టేడియంలోనూ చలికాలం పరీక్షే. 2024 జనవరి 25న భారత్-ఇంగ్లండ్ టెస్టు మొదలైంది అక్కడే. బంతి ఆపడానికి ఫీల్డర్ ధైర్యంగా దూకాలంటే కింద మెత్తటి పచ్చిక ఉండాలి కదా!

మంచు దేశాల్లో వేరే లెక్క

మన గరిక కథ ఇలా ఉంటే, మంచు కురిసే దేశాల్లో గ్రీన్ల మీద ఉండేది బెంట్ అనే చలిదేశపు గడ్డి. దానికి మంచు శత్రువు కాదు, దుప్పటి. మెత్తటి మంచు కింద నేల మరీ గడ్డకట్టదు. అసలు శత్రువు గట్టి ఐసు. మంచు కరిగి, ఆ నీరు మళ్లీ గడ్డకడితే గ్రీన్ మీద గాజుపలక పరిచినట్టవుతుంది. కింద గడ్డికి ఊపిరాడదు. జేమ్స్ బియర్డ్ అనే గడ్డి శాస్త్రవేత్త 1960లలో మిషిగన్‌లో దీనిమీద ప్రయోగాలు చేశాడు. బెంట్ గడ్డి ఐసు కింద నాలుగు నెలల దాకా బతికింది. గ్రీన్లలో కలుపులా చేరే పోవా రకం మూడు నెలల లోపే చచ్చిపోయింది.

అందుకే అక్కడ శరత్తులో నీరు నిలవకుండా కాలువలు సరిచేస్తారు. మొదటి మంచు పడకముందే బూజు మందు కొడతారు. గ్రీన్ మీద ఇసుక పొర కప్పుతారు. పైపుల్లో నీరు గడ్డకట్టి పగలకుండా గాలితో ఊది ఖాళీ చేస్తారు. మన దేశంలో కాశ్మీరులోని గుల్‌మార్గ్ గోల్ఫ్ మైదానం ఇలాగే చలికాలమంతా మంచు కింద నిద్రపోతుంది.

ఇక్కడే మన కుటుంబాలకి పనికొచ్చే ఒక జాగ్రత్త ఉంది. చికాగోలోనో, డెట్రాయిట్‌లోనో ఉన్న అబ్బాయి అక్టోబరులో ఫోన్ చేసి, "నాన్నా, ఇక్కడ ఇప్పుడే లాన్‌కి బస్తా ఎరువు వేశాను, నువ్వూ వెయ్యి" అనొచ్చు. అతను చెప్పింది వాళ్ల ఊరికి నిజమే. చలిదేశపు గడ్డికి శరత్తులోనే నత్రజని కావాలి. ఆ గడ్డికి పెరిగే కాలం అదే. మన గరికకి అది పనికిరాదు. సలహా అడగాలంటే డల్లాస్‌లో ఉన్న అల్లుణ్ని అడగండి. అతని ఇంటిముందు ఉండేది గరికే!

పక్క అపార్టుమెంటు నీడ

సైదాబాద్ పెరట్లో పచ్చికకి చలికన్నా పెద్ద శత్రువు ఇంకొకటి ఉంది. నీడ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. జూన్‌లో నడినెత్తిన ఉండే మధ్యాహ్నపు సూర్యుడు డిసెంబరు చివర్లో హైదరాబాద్ ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పది మీటర్ల ఎత్తున్న మేడ, జూన్ మధ్యాహ్నం మీటరు నీడ వేస్తే, డిసెంబరు మధ్యాహ్నం ఎనిమిదిన్నర మీటర్ల నీడ వేస్తుంది, అదీ ఉత్తరం వైపు. పగటి పొడుగు కూడా పదమూడు గంటల నుంచి పదకొండుకి తగ్గిపోతుంది.

ఒకప్పుడు ఈ కాలనీల్లో పెంకుటిళ్లు, ఒంటంతస్తు డాబాలే. ఇప్పుడు పాత ఇల్లు పోయి అయిదంతస్తుల అపార్టుమెంటు వచ్చిన చోట, దాని ఉత్తరం వైపున్న ఇంటికి చలికాలంలో ఎండ కరువే. గరికకి రోజుకి కనీసం ఆరుగంటల ఎండ కావాలి. అది లేనప్పుడు ఎన్ని బస్తాల ఎరువు వేసినా వృథా. గోల్ఫ్ మైదానాల్లో ఈ కారణంగానే శరత్తులో గ్రీన్ల పక్కనున్న చెట్ల కొమ్మలు నరుకుతారు. మన ఇంట్లో వేపచెట్టు కింది కొమ్మలు కొట్టించవచ్చు. పక్కింటి మేడని మాత్రం ఏం చేయలేం. అలాంటి చోట గరిక కోసం పోరాడకుండా, నీడలో పెరిగే మొక్కలు పెట్టుకోవడం తెలివైన పని. లేదా నాలుగు బండలు పరిచి, తులసికోట కట్టుకోవచ్చు.

మీ పెరటి పచ్చికకి...

సెప్టెంబరు చివర: గునపంతోనో, తోటపని ఫోర్కుతోనో జానెడు ఎడంతో నాలుగంగుళాల లోతున గుచ్చండి. జల్లెడ పట్టిన ఇసుకని పల్చగా చల్లి చీపురుతో సర్దండి. ఆకుల కొనలు పైకి కనపడాలి.

అక్టోబరు: కోత ఎత్తు పెంచండి. గడ్డి నాలుగు సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఒక కోతలో మూడోవంతుకి మించి తీయొద్దు. పండక్కి గుండు కొట్టించే అలవాటు మానేయండి.

అక్టోబరు-నవంబరు: పది చదరపు మీటర్లకి 40 గ్రాముల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, నెల ఎడంతో రెండుసార్లు. చల్లగానే నీళ్లు పెట్టాలి. దీపావళి దాటాక యూరియా జోలికి పోవద్దు.

నవంబరు-జనవరి: నీళ్లు పొద్దున పూటే పెట్టండి. సాయంత్రం పెడితే రాత్రంతా తడి నిలిచి తెగులు వస్తుంది. రోజూ తడపక్కర్లేదు. వేలు గుచ్చి చూసి, రెండంగుళాల లోతున మట్టి ఆరితేనే నీళ్లు. పొద్దున్నే మంచుని చీపురుతో దులపండి.

రంగు తగ్గితే: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి పల్చగా పిచికారీ చేయండి. గచ్చు మీద పడితే తుప్పుమరక పోదు, జాగ్రత్త.

చలికాలంలో చేయకూడనిది: డిసెంబరులో లాన్ మీద మందంగా ఎర్రమట్టి, పేడ ఎరువు కప్పించడం. పెరగని కాలంలో గడ్డి ఆ పొరని చీల్చుకుని రాలేదు. ఆ పని ఫిబ్రవరి చివరికి వాయిదా వేయండి.

ఇవన్నీ చేసినా జనవరిలో గడ్డి కాస్త వన్నె తగ్గొచ్చు. కంగారు పడొద్దు. ఒక పిలక పీకి చూడండి. నేలకి ఆనుకున్న కాండం తెల్లగా, గట్టిగా ఉంటే అది బతికే ఉంది. నిద్రపోతోందంతే. నిద్రపోయేవాణ్ని లేపి అన్నం పెట్టాలని చూడకండి. మాఘమాసం ఎండ దాన్ని లేపుతుంది, అది దాచుకున్నదే దానికి తొలి ముద్ద అవుతుంది.

ఈసారి బతుకమ్మకి పూలు కోసుకొచ్చే రోజున ఒక్క క్షణం పచ్చిక వైపు కూడా చూడండి. చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టేయండి. సంక్రాంతి పచ్చదనానికి మీరు చేయగలిగిన సాయం, ఆ రోజు దాన్ని కోయకుండా వదిలేయడమే.